ఇంటి పక్కన ప్రభుత్వ బడి, ముప్పావుగంట దూరంలో ప్రైవేటు బడి: ఒకటో తరగతికి ఏది?

కొత్తనాన్న
మా అమ్మాయికి వచ్చే ఏడాది ఒకటో తరగతి. ఇంటికి అయిదు నిమిషాల నడకలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. ఫీజు లేదు, పుస్తకాలు వాళ్ళే ఇస్తారు. అందరూ చెబుతున్న ప్రైవేటు బడికి వ్యానులో ముప్పావుగంట పడుతుంది. ఫీజు మా ఇంటి ఖర్చులో నాలుగో వంతు మింగేస్తుంది. నేను ప్రభుత్వ బడి వైపు మొగ్గుతున్నాను, నా భార్య ఇంకా తేల్చుకోలేదు. రెండు వైపుల పెద్దవాళ్ళూ మాత్రం "ఒక్కగానొక్క పిల్ల, దాని చదువు దగ్గరా పిసినారితనం" అని ముఖం మీదే అంటున్నారు. డబ్బు మిగుల్చుకోవాలని కాదు. అంత కట్టి కొనేది ఏమిటో ఎవరూ చెప్పడం లేదు, అదీ నా బాధ. బడికే వెళ్ళి అడిగితే రంగుల పుస్తకం చేతిలో పెట్టి పంపించారు. అందులో ఈతకొలను బొమ్మ ఉంది. బడిలో ఈతకొలను లేదు. చిన్న తరగతుల్లో రెండు రకాల బడులూ దగ్గరగా చూసినవాళ్ళు చెప్పండి. పై చదువుల సంగతి ఇప్పుడు వద్దు.

ఎర్రసిరా
ప్రైవేటు. ఆలోచించడానికి ఏమీ లేదు.

కొత్తనాన్న
కారణం?

ఎర్రసిరా
క్రమశిక్షణ, ఇంగ్లీషు, జవాబుదారీతనం. ఫీజు కట్టినవాడికి నిలదీసే హక్కు ఉంటుంది. ఊరికే వచ్చేదాన్ని ఎవరు నిలదీస్తారు?

పలకబలపం
ఊరికే వస్తోందని ఎవరు చెప్పారు? మన పన్నులతో నడుస్తోంది. నిలదీసే హక్కు అక్కడా ఉంది, నిలదీయగలిగినవాళ్ళందరూ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు, అంతే. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ముందే చెబుతున్నాను, తర్వాత పక్షపాతం అనకండి.

సైకిల్‌చైన్
తర్వాత ఎందుకు, ఇప్పుడే అంటున్నాను. పక్షపాతం. మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?

పలకబలపం
పెద్దవాడు అయిదో తరగతి వరకు నా బడిలోనే చదివాడు. చిన్నది ఇప్పుడు రెండో తరగతి, అదీ నా క్లాసులోనే. అమ్మే టీచర్ అయితే ఎంత కష్టమో దాన్ని అడగాలి. ఇంటికి వెళ్ళి చాడీ చెప్పుకోవడానికి కూడా దిక్కు లేదు పాపం.

సైకిల్‌చైన్
ఆరోపణ వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లకు నా సానుభూతి.

ముగ్గురుతల్లి
ఈ చర్చ ఎప్పుడు వచ్చినా ఒకటో తరగతి దగ్గర మొదలుపెడతారు. అసలు తిరకాసు మూడేళ్ళ వయసులో ఉంది. ప్రభుత్వ బడి చాలాచోట్ల ఒకటో తరగతితోనే మొదలవుతుంది. అంతకు ముందు పిల్లను ఎక్కడో ఒకచోట ఉంచాలి కాబట్టి ప్రైవేటు నర్సరీలో వేస్తాం. రెండేళ్ళు గడుస్తాయి. పిల్లకు అక్కడ స్నేహితులు, తెలిసిన ఆయా, కిటికీ పక్క సీటు. ఇప్పుడు మార్చడమెందుకులే అనుకుంటాం. "మేము ప్రైవేటును ఎంచుకున్నాం" అని చెప్పుకునేవాళ్ళలో చాలామంది ఏదీ ఎంచుకోలేదు. ఉన్నచోటే ఉండిపోయారు.

మా పెద్దమ్మాయి కథ అదే. ఆ బడిలోనే పదో తరగతి దాకా చదివింది, ఫిర్యాదు ఏమీ లేదు. రెండోవాడికి వ్యానులో వాంతులు. రోజూ బట్టలు పాడుచేసుకుని బడికి చేరేవాడు, మొదటి గంటంతా ముభావంగా కూర్చునేవాడు. మూడో తరగతిలో ఇంటి దగ్గరి ప్రభుత్వ బడికి మార్చాం. చదువు పెరిగిందో తగ్గిందో చెప్పలేను కానీ వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. మూడోదానికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. ప్రైవేటు బడిలో ఎంతో మర్యాదగా "మా వాతావరణం పాపకు ఇబ్బంది కావచ్చు" అన్నారు. కాదు అనలేదు, ఔననలేదు. ప్రభుత్వ బడిలో ఆ మాటే రాలేదు, పేరు రాసుకున్నారు.

ఎర్రసిరా
చేర్చుకున్నారు సరే. చెప్పగలిగారా?

ముగ్గురుతల్లి
మొదటి ఏడాది లేదు. అలాంటి పిల్లలకు శిక్షణ పొందిన టీచర్ వారానికి ఒకసారి వచ్చేది. మిగిలిన రోజుల్లో క్లాసు టీచర్ తనకు తోచినట్టు చూసుకుంది. రెండో ఏడాది నుంచి మెరుగు. గొప్పగా ఉందని నేను అనడం లేదు. తలుపు తెరిచి ఉంది అంటున్నాను.

లెక్కలపంతులు
ఫీజు భరించగలమా అని అందరూ ఇవాళ్టి ఫీజునే చూసుకుంటారు. ఏటా పది శాతం పెరిగిందనుకోండి, ఒకటో తరగతిలో కట్టినదానికి ఎనిమిదో తరగతిలో దాదాపు రెండింతలు కడతారు. మీ జీతం కూడా ఏటా పది శాతం పెరుగుతుందా? కొత్తనాన్న గారికి ఇప్పుడే నాలుగో వంతు పోతే, జీతం నెమ్మదిగా పెరిగితే మూడో వంతు అయి కూర్చుంటుంది. రెండో బిడ్డ పుడితే సరేసరి. మధ్యలో మోయలేక బడి మాన్పించడం కంటే మొదట్లోనే మోయగలిగింది ఎత్తుకోవడం మంచిది. పైగా బోధన ఫీజు ఒక్కటే కాదు. ప్రవేశ రుసుం, వ్యాను, రెండు రకాల యూనిఫాం, రెండు రకాల బూట్లు, వార్షికోత్సవానికి అద్దె దుస్తులు.

సైకిల్‌చైన్
వార్షికోత్సవంలో మా అబ్బాయిది చెట్టు వేషం. కదలకుండా నిలబడినందుకు అద్దె నేను కట్టాను.

గోరింటపువ్వు
మా అమ్మాయికి అయిదేళ్ళు. టై కట్టుకుని వెళ్తుంది. ఏ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారో అడగాలని ఉంటుంది నాకు.

దూరపుకొండ
ప్రభుత్వ బడి గురించి ఇక్కడ కొంచెం తీపి ఎక్కువైంది, నా అనుభవం కూడా వినండి. మా అబ్బాయిని సూత్రం కోసమే ప్రభుత్వ బడిలో వేశాను. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. అందులో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక లెక్క రాసే పని మీద, ఎన్నికల పని మీద, శిక్షణ మీద బయటే. మిగిలిన ఒక్క టీచర్ అయిదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరికి ఎక్కాలు, ఒకరికి చూచిరాత, ఇంకొకరికి "నిశ్శబ్దంగా కూర్చోండి". ఆవిడ తప్పేమీ లేదు, అంతకంటే ఎవరూ చేయలేరు. కానీ మూడో తరగతికి వచ్చినా వాడికి ఒత్తులున్న మాట చదవడం రాలేదు. ప్రైవేటుకు మార్చాను. అక్కడ రోజూ డైరీలో రాసి పంపేవారు, ఇంట్లో చదివించమనేవారు. ఏడాదిలో చదవడం వచ్చింది. ఆ బడిలో ఏ మాయా లేదు. తరగతికి ఒక టీచర్ ఉంది, రోజూ వచ్చింది. అంతే.

పలకబలపం
దూరపుకొండ గారు రాసింది అక్షరాలా నిజం. అలాంటి బడిలో నేను పనిచేశాను. పిల్లలు తగ్గారని టీచర్లను తగ్గిస్తారు, టీచర్లు తగ్గారని ఇంకొందరు పిల్లలు వెళ్ళిపోతారు. అందుకే నన్ను ఎవరైనా "ప్రభుత్వ బడిలో వేయమంటారా" అని అడిగితే ఔనని చెప్పను. ఎన్ని తరగతులకు ఎంతమంది టీచర్లు ఉన్నారో కనుక్కుని రమ్మంటాను.

ఎర్రసిరా
అంటే మీరే ఒప్పుకున్నారు. ఇక చర్చ ఎందుకు? ఫలితాలు చూడండి, ఏ పరీక్షలో చూసినా ప్రైవేటు పిల్లలే పైన.

లెక్కలపంతులు
ఏ పరీక్షలో చూసినా పైనే. ఎందుకో కూడా చూద్దాం. పదిహేనేళ్ళ పిల్లలకు 2000 నుంచి అనేక దేశాల్లో పీసా పరీక్ష పెడుతున్నారు. అందులో ప్రైవేటు బడి పిల్లలకు సగటున మార్కులు ఎక్కువే. తల్లిదండ్రుల చదువు, ఆదాయం, ఇంట్లో ఉన్న పుస్తకాలు ఇవన్నీ లెక్కలోకి తీసుకుని ఒకే స్థాయి ఇళ్ళ పిల్లల్ని పోలిస్తే ఆ ఆధిక్యం చాలామటుకు కరిగిపోతుంది. బడి గొప్పదనం అనుకున్నదానిలో ఎక్కువ భాగం పిల్లలు ఇంటి నుంచే పట్టుకొచ్చారన్నమాట.

దూరపుకొండ
పదిహేనేళ్ళ వాళ్ళ లెక్క అయిదేళ్ళ పిల్లకు ఎలా సరిపోతుంది పంతులు గారూ?

లెక్కలపంతులు
న్యాయమైన ప్రశ్న. చిన్న పిల్లల మీద, అదీ తెలుగు పిల్లల మీద జరిగిన ప్రయోగం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2008లో మొదలై నాలుగేళ్ళు నడిచింది. ప్రైవేటు బడికి వెళ్ళాలని దరఖాస్తు పెట్టుకున్న పిల్లల మధ్య లాటరీ తీశారు. గెలిచినవాళ్ళకు ప్రైవేటు బడి ఖర్చు భరించారు, ఓడినవాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. లాటరీ కాబట్టి "వాళ్ళ ఇళ్ళే వేరు" అనడానికి వీల్లేదు. నాలుగేళ్ళ తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకూ తేడా లేదు. హిందీలో ప్రైవేటుకు వెళ్ళినవాళ్ళు బాగా ముందున్నారు. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

ఎర్రసిరా
అదే పరిశోధన నేనూ చదివాను, మీరు సగమే చెప్పారు. ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి అదే ఫలితం తెచ్చారు, మిగిలిన సమయంలో వేరే పాఠాలు చెప్పారు. ఆ ముక్క ఎందుకు మింగేశారు?

లెక్కలపంతులు
మింగలేదు, నమిలే లోపు మీరు లాక్కున్నారు. నిజమే. మూడో వంతు ఖర్చుతో అదే పని చేశారు. అయితే ఆ పొదుపు ఎక్కడి నుంచి వచ్చిందంటే ప్రధానంగా టీచర్ల జీతాల్లోంచి. అది సర్కారు ఖజానాకు ఆసక్తికరమైన విషయం. కొత్తనాన్న గారికి కాదు. ఆయన పోల్చుకునేది తన జేబులోంచి పోయే ఫీజునూ సున్నానూ.

నిద్రలేనిరాత్రి
జీతాల మాట వచ్చింది కాబట్టి. నేను ప్రైవేటు బడిలో రెండో తరగతి టీచర్‌ని. చేరినప్పుడు శిక్షణ లేదు, డిగ్రీ ఉంది, ఇంగ్లీషు మాట్లాడతాను, అది చాలన్నారు. నాతో చేరినవాళ్ళలో ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. కాస్త ఎక్కువ ఇచ్చే చోటు దొరికితే వెళ్ళిపోతారు, నేనూ వెళ్తాను. ఏడాది మధ్యలో టీచర్ మారితే ఆరేళ్ళ పిల్లలకు ఏమవుతుందో చూశాను. కొత్త టీచర్ కుర్చీలో కూర్చుంటే "అది మా మేడమ్‌ది, లేవండి" అన్నాడు ఒకడు.

కానీ మా బడిలో కొన్ని విషయాలు బాగుంటాయి, అవీ చెబుతాను. నేను రాకపోతే పది నిమిషాల్లో ఇంకొకరు క్లాసులో ఉంటారు. నోటు పుస్తకాలు వారం వారం తనిఖీ చేస్తారు. తల్లిదండ్రులు ఫోను చేస్తే తీయాల్సిందే, రాత్రి పదింటికైనా. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను.

ఎర్రసిరా
నేను చెప్పిన జవాబుదారీతనం అదే. ధన్యవాదాలు.

నిద్రలేనిరాత్రి
జవాబు మేము చెబుతున్నాం. యాజమాన్యం ఎవరికి చెబుతోందో నాకు తెలియదు. ఫీజు పెంచినప్పుడు మిమ్మల్ని అడిగారా?

వానచినుకు
కొత్తనాన్న గారు అడిగిన అసలు ప్రశ్న పక్కకు పోతోంది: చిన్న తరగతిలో మనం కొనేది ఏమిటి. నా ఉద్దేశంలో ఒకటో, రెండో తరగతుల్లో ముఖ్యమైనది ఒక్కటే. చదవడం రావడం. అది వచ్చిందో లేదో తల్లిదండ్రులకు కనబడదు. కనబడేది వేరు.

మా చెల్లెలి కూతురు పేరున్న ప్రైవేటు బడిలో రెండో తరగతి. ఇంటికి వెళ్తే "పెద్దమ్మకు పాఠం చదివి వినిపించు" అన్నారు. ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి, ఎక్కడా తడబడకుండా చదివింది. అందరూ మురిసిపోయారు. నేను పక్కనే కూర్చున్నాను. నోరు మూడో వాక్యంలో ఉంది, వేలు అయిదో వాక్యంలో ఉంది. పేజీ చివర వేలు ముందే చేరిపోయి ఆగింది, పాఠం ఇంకా వస్తూనే ఉంది. తర్వాత ఎవరూ లేనప్పుడు అదే పేజీలో మధ్య నుంచి ఒక మాట చూపించి అడిగాను. మొదటి అక్షరం చూసి ఊహించి చెప్పింది, అది ఆ మాట కాదు.

తెలివైన పిల్ల. పాఠం మొత్తం నోటికి రావడం తక్కువ పనేమీ కాదు. కానీ దాన్ని చదవడం అనుకుని అందరూ నిశ్చింతగా ఉన్నారు, బడితో సహా.

గోరింటపువ్వు
ఇది చదివి లేచి వెళ్ళి మా అమ్మాయి పుస్తకం తీశాను. మధ్యలో మాట చూపించాను. చదివింది. మొత్తం వాక్యం చదవమన్నాను, "అమ్మా, ఇవాళ ఆదివారం" అంది.

వానచినుకు
ఆ జవాబు చెప్పగలిగిన పిల్లకు ఏ బడైనా ఫర్వాలేదు.

పలకబలపం
మా బడిలోనూ ఇలాంటి పిల్లలు ఉన్నారు, ఇది ప్రైవేటు జబ్బు మాత్రమే కాదు. తెలుగు వాచకమైనా వరస తప్పితే ఆగిపోయేవాళ్ళు ఉంటారు. తేడా ఒకటే. ఇంట్లో మాట్లాడే భాషలో ఉంటే అర్థం పట్టుకుని తప్పును తామే దిద్దుకునే అవకాశం ఉంది. తెలియని భాషలో ఆ ఆధారం కూడా ఉండదు. పిల్లలకు మొదటి చదువు తల్లిభాషలో చెప్పడమే మేలని యునెస్కో 1953లోనే నివేదిక ఇచ్చింది.

ఎర్రసిరా
1953లో ఇచ్చారు, ఇన్నేళ్ళయినా తల్లిదండ్రులు వినడం లేదు. ఎందుకంటే తల్లిదండ్రులు తెలివితక్కువవాళ్ళు కాదు. ఉద్యోగం ఇచ్చేవాడు ఏ భాషలో మాట్లాడతాడో వాళ్ళకు తెలుసు. నివేదికలు రాసినవాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదివారో కూడా తెలుసు.

పలకబలపం
ఇంగ్లీషు వద్దని నేను అనలేదు. ఒక భాషలో చదవడం గట్టిపడితే రెండో భాష త్వరగా పట్టుబడుతుంది. వరస గురించి మాట్లాడుతున్నాను.

ఎర్రసిరా
ఆ వరస పాటించే లోపు పక్కింటి పిల్ల ముందుకు వెళ్ళిపోతుంది.

సైకిల్‌చైన్
ఎక్కడికి వెళ్తుంది? రెండో తరగతి తర్వాత మూడో తరగతికేగా.

ముగ్గురుతల్లి
ఎర్రసిరా గారు చెప్పేదాన్ని కొట్టిపారేయలేను. మా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. నేర్పితే బడే నేర్పాలి. ఇంట్లో రెండు భాషలూ ఉన్నవాళ్ళు తల్లిభాషలో చదువు గురించి ధైర్యంగా మాట్లాడగలరు. మాకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

పలకబలపం
ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. మీరు చేరుస్తున్న బడిలో ఇంగ్లీషు చెప్పే టీచర్‌కు ఇంగ్లీషు ఎంత వచ్చో మాత్రం చూడండి. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాసినంత మాత్రాన లోపల అది ఉండాలని లేదు. ప్రభుత్వ బడికీ ఇదే మాట.

రెండోబెంచి
ఇంకో సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పడం లేదు, నేను చెబుతాను. పక్కన ఎలాంటి పిల్లలు కూర్చుంటారు అన్నది కూడా చూడాలి. మాటతీరు, అలవాట్లు వాళ్ళ నుంచే వస్తాయి.

పలకబలపం
ఎలాంటి పిల్లలు?

రెండోబెంచి
మీకు తెలుసు.

పలకబలపం
తెలియదు. రాయండి.

సైకిల్‌చైన్
మా అబ్బాయి మొదటి బూతు మాట నేర్చుకున్నది ఏసీ వ్యానులో, టై కట్టుకుని. నేర్పినవాడి తండ్రి పెద్ద డాక్టర్. స్పష్టమైన ఉచ్చారణ.

రెండోబెంచి
నేను కులం గురించో డబ్బు గురించో అనలేదు. ఇంట్లో చదివించేవాళ్ళు లేని పిల్లలు ఎక్కువ ఉంటే క్లాసు నెమ్మదిగా సాగుతుంది. అది తప్పు మాటా?

లెక్కలపంతులు
తప్పు మాట కాదు, సగం మాట. క్లాసు నెమ్మదిగా సాగేది ఎక్కువగా పిల్లల సంఖ్య వల్ల. దీని మీద గట్టి ప్రయోగం అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో జరిగింది. 1985 నుంచి నాలుగేళ్ళు, 79 బడులు, 11 వేలకు పైగా పిల్లలు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా కొందరిని 13 నుంచి 17 మంది ఉన్న క్లాసుల్లో, కొందరిని 22 నుంచి 25 మంది ఉన్న క్లాసుల్లో చీట్లు తీసినట్టు పంచారు. చిన్న క్లాసుల పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. పేదింటి పిల్లలకు లాభం ఇంకా ఎక్కువ. పెద్ద క్లాసుకే ఒక సహాయకురాలిని అదనంగా ఇస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రైవేటు బడి వాళ్ళు "టీచర్‌తో పాటు ఆయా కూడా ఉంటుంది" అని చెప్పినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

నిద్రలేనిరాత్రి
నా క్లాసులో 42 మంది. ఇప్పుడు 25ను పెద్ద క్లాసు అన్నారని చదివి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పలకబలపం
నా క్లాసులో 19. కానీ ఒకటి, రెండు తరగతులు కలిపి.

దూరపుకొండ
42 మందికి ఒక తరగతా, 19 మందికి రెండు తరగతులా? ఏది నయం?

పలకబలపం
నేనైతే 19. రెండు తరగతులు కలిపి చెప్పడానికి పద్ధతులు ఉన్నాయి, శిక్షణలో నేర్పుతారు. అయిదూ కలిపి చెప్పడానికి పద్ధతి లేదు.

నిద్రలేనిరాత్రి
మార్చుకుందామా?

అమ్మాయివాళ్ళమ్మ
నేను కొత్తనాన్న గారి భార్యను. నిన్న రాత్రి ఆయన ఫోనులో ఈ చర్చ చదివాను. "ఇంకా తేల్చుకోలేదు" అని నా గురించి రాశారు. నేను ఎప్పుడో తేల్చుకున్నాను, ఆయనకు చెప్పాను కూడా. విన్నారో లేదో ఇప్పుడు అర్థమైంది.

నా ఇబ్బంది ఇంగ్లీషు కాదు, పక్కన కూర్చునే పిల్లలు కాదు. ప్రభుత్వ బడి మధ్యాహ్నం మూడింటికి వదిలేస్తారు. నేను ఇంటికి వచ్చేసరికి ఆరున్నర, ఆయన ఏడు. మూడు నుంచి ఆరున్నర దాకా ఆరేళ్ళ పిల్ల ఎక్కడ ఉండాలి? ప్రైవేటు బడిలో సాయంత్రం ఆరు దాకా ఉంచుకుంటారు, అక్కడే హోంవర్క్ చేయిస్తారు. వ్యాను ఇంటికి వచ్చేసరికి నేనూ వస్తాను. మేము ఆ ఫీజులో కొంటున్నది ఆ మూడున్నర గంటలు. ఇంత పొడుగు చర్చలో ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన మనిషి మొదటి పోస్టులోనే ఎత్తలేదు.

సైకిల్‌చైన్
కొత్తనాన్న గారూ, మీరు ఉన్నారా?

గోరింటపువ్వు
ఉంటారు. రాయరు.

ముగ్గురుతల్లి
అమ్మా, మీరు చెప్పింది అసలు సంగతి. రెండోవాడిని మార్చినప్పుడు నేను ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను కాబట్టే అది కుదిరింది. "ఉచితం" అన్నప్పుడు ఇంట్లో ఒక మనిషి ఖాళీగా ఉంటుందని లెక్క వేసుకునే అంటారు. ఆ మనిషి ఎవరో చెప్పక్కరలేదు.

లెక్కలపంతులు
ఆ మూడున్నర గంటలను విడిగా కొంటే ఎంతవుతుందో చూశారా? ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునే మనిషి, లేదా ట్యూషన్ చెప్పే అమ్మాయి. బడి ఫీజులో చాలా చిన్న భాగమే కావచ్చు. అప్పుడు లెక్క మారుతుంది.

అమ్మాయివాళ్ళమ్మ
చూశాను. మా వీధిలో ట్యూషన్ చెప్పే ఆవిడ ఉంది, అయిదు దాకా ఉంచుకుంటుంది. ఆ గంటన్నర మిగులుతోంది. నమ్మకమైన మనిషి దొరకడం డబ్బుతో వచ్చే పని కాదు. ముందు మనిషి, తర్వాత లెక్క.

కొత్తనాన్న
ఉన్నాను. అయిదున్నరకు ఇంటికి చేరేలా నా పని వేళలు మార్చమని అడగవచ్చు. ఉదయం తొందరగా వెళ్ళాలి.

అమ్మాయివాళ్ళమ్మ
ఈ మాట ఇంట్లో ఎందుకు రాలేదు?

సైకిల్‌చైన్
చర్చా వేదికలు ఎందుకు ఉన్నాయో ఇప్పుడు తెలిసింది.

వానచినుకు
మీరిద్దరూ మాట్లాడుకునే లోపు ఒక పని చేయండి. రెండు బడులకూ పని రోజున, పాఠాలు జరుగుతున్నప్పుడు వెళ్ళండి. వార్షికోత్సవానికి వెళ్తే ఏమీ తెలియదు. మొదట మరుగుదొడ్డి చూడండి, గడియ పడుతోందా, లోపల నీళ్ళు ఉన్నాయా. ఆడపిల్ల కాబట్టి ఇది చిన్న విషయం కాదు, రోజంతా నీళ్ళు తాగకుండా బిగబట్టుకునే పిల్లలు ఉన్నారు. గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు చూడండి. ముప్పై ఇళ్ళూ ఒకేలా, ముప్పై సూర్యుళ్ళూ అదే మూలలో ఉంటే అవి టీచర్ బొమ్మలు. ఒకటో తరగతి టీచర్ ఎంతకాలంగా ఆ బడిలో ఉందో అడగండి. చివరి బెంచీ పిల్లవాడి నోటు పుస్తకం ఒకసారి చూపించమనండి. మొదటి బెంచీది వాళ్ళే చూపిస్తారు.

ఎర్రసిరా
ఇది మంచి సలహా. ప్రైవేటు బడిలో క్లాసులోకి వెళ్ళనివ్వరు, అది మాత్రం ముందే చెబుతున్నాను. గేటు దగ్గరే ఆపేస్తారు.

నిద్రలేనిరాత్రి
నిజం. అడిగి చూడండి. "ఎందుకు కుదరదు" అన్నదానికి చెప్పే జవాబును బట్టి కొంత తెలుస్తుంది.

రెండోబెంచి
అయిదో తరగతి దాకా ప్రభుత్వ బడి, ఆరు నుంచి ప్రైవేటు చేస్తే? ఆ డబ్బు అప్పటికి దాచుకోవచ్చు.

దూరపుకొండ
నేను తిరగేసి చెబుతాను. పునాది దగ్గర డబ్బు పెట్టండి, చదవడం గట్టిపడ్డాక ప్రభుత్వ బడికి మార్చండి. పెద్ద తరగతుల్లో ప్రభుత్వ బడికి సబ్జెక్టుకు ఒక టీచర్ ఉంటారు, వాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు.

లెక్కలపంతులు
రెండూ మా బంధువుల్లో చేసినవాళ్ళు ఉన్నారు, రెండు ఇళ్ళలోనూ పిల్లలు బాగానే ఉన్నారు. ఇంతకీ ఫీజు కట్టే ప్రైవేటు, ఫీజు లేని ప్రభుత్వం అన్న రెండే దారులు అన్ని దేశాల్లోనూ లేవు. నెదర్లాండ్స్‌లో 1917లోనే రాజ్యాంగం మార్చి ప్రైవేటు యాజమాన్యాల బడులకూ సర్కారే సమానంగా డబ్బు ఇస్తోంది, ఎక్కువమంది పిల్లలు వాటిలోనే చదువుతారు. స్వీడన్ 1992లో ఇలాంటిదే మొదలుపెట్టింది, అక్కడి ప్రైవేటు బడులు పిల్లల నుంచి ఫీజు తీసుకోకూడదు. మన చర్చలో సగం కోపం బడి మీద కాదు, రసీదు మీద.

ఎర్రసిరా
స్వీడన్‌లో ఆ పద్ధతి మీద కూడా కొట్టుకుంటున్నారు పంతులు గారూ, లాభాల కోసం బడి నడపవచ్చా అని. స్వర్గం ఎక్కడా లేదు.

లెక్కలపంతులు
అది ఒప్పుకుంటాను. మొదటిసారి.

చివరిబస్సు
మధ్యలో దూరుతున్నాను, నాకు అత్యవసరం. మా అమ్మాయి ప్రైవేటులో రెండో తరగతి. ఏడాది మధ్యలో ప్రభుత్వ బడికి మార్చాలి, ఫీజు ఇక కట్టలేం. బదిలీ పత్రం ఇవ్వమంటే మిగిలిన ఏడాది ఫీజు కూడా కడితేనే ఇస్తాం అంటున్నారు. అది లేకుండా ప్రభుత్వ బడిలో చేర్చుకుంటారా?

పలకబలపం
చిన్న తరగతులకు చాలాచోట్ల చేర్చుకుంటారు, పత్రం తర్వాత తెచ్చివ్వండి అంటారు. దాని కోసం పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకండి. ఈలోగా పత్రం ఇవ్వమని పాత బడికి కాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం చేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ నకలు విద్యాశాఖ అధికారికి ఫిర్యాదుతో జతచేయవచ్చు. నోటి మాటగా ఎన్నిసార్లు అడిగినా లెక్కలోకి రాదు.

నిద్రలేనిరాత్రి
ఇప్పటి దాకా కట్టిన ఫీజు రసీదులన్నీ ఒకచోట పెట్టుకోండి. బాకీ ఎంత అని వాళ్ళ చేతే రాతపూర్వకంగా చెప్పించండి. రాయమంటే చాలాసార్లు అంకె తగ్గుతుంది.

చివరిబస్సు
వయసు రుజువుకు ఏమి పట్టుకెళ్ళాలి?

పలకబలపం
జనన ధ్రువపత్రం ఉంటే అదే. లేకపోతే ఆసుపత్రి కాగితమో టీకాల కార్డో పట్టుకెళ్ళండి, వాటితో కుదురుతుందో లేదో అక్కడ చెబుతారు. పిల్లను కూడా తీసుకెళ్ళండి, ఏ తరగతిలో కూర్చోబెట్టాలో చూస్తారు. బడి మొదలయ్యే ముందే వెళ్ళండి. గంట కొట్టాక ప్రధానోపాధ్యాయిని కూడా క్లాసులోనే ఉంటుంది.